అక్క రాసిన నది

గత నెలలో అక్క చనిపోయింది. నాకు సొంత అక్క కాదు. నది దగ్గర కలిసిన వాళ్లందరికీ ఆవిడ అక్కే. వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. కబురు ఫోనులో సందేశంగా వచ్చింది. కింద వరసగా సంతాపాలు. ఎవరో “గొప్ప నదీ ప్రేమికురాలు” అని రాశారు. ఆ మాట కంటపడి ఉంటే అక్క పెన్సిలుతో అడ్డంగా కొట్టేసేది. “ప్రేమికులు ఫోటో దిగి వెళ్లిపోతారు. మనం కొలవడానికి వచ్చాం. పదండి, కొలుద్దాం” అనడం ఆవిడ అలవాటు.

ఆ సందేశం చదివినప్పటి నుంచి మా ఆదివారాలు ముందువెనకలు లేకుండా గుర్తొస్తున్నాయి. గుర్తొచ్చిన వరసలోనే రాస్తున్నాను. నది పేరు మాత్రం రాయను. రాస్తే వచ్చే వారానికల్లా అక్కడ కార్లు బారులు తీరతాయి, పాటలు మోగుతాయి. కొండల్లో పుట్టి, దారిలో ఎక్కడా ఆనకట్ట తగలకుండా, రాళ్ల మీద గెంతుకుంటూ దిగివచ్చే నది అని చెబితే చాలు. అలాంటివి ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. మీకు తెలిసిన ఏదో ఒక నదిని ఊహించుకుని చదవండి.

* * *

మా బృందానికి పేరు లేదు. జెండా లేదు, రిజిస్ట్రేషన్ లేదు. ఒక రిటైరైన జీవశాస్త్రం మాస్టారు, ఏదో ఆఫీసులో జమాఖర్చులు రాసే అక్క, చేపలు పట్టడం మానేసినా పడవ మానని తాత, అప్పుడప్పుడే ఉద్యోగాల్లో చేరిన మాలాంటి నలుగురైదుగురు. నన్ను అక్కడికి తీసుకెళ్లింది ఒక స్నేహితుడు. వాడు రెండోసారి రాలేదు. నేను ఏళ్ల తరబడి ఉండిపోయాను.

అప్పట్లో ఫోన్లు అందరి ఇళ్లలోనూ ఉండేవి కావు. నెల మొదట్లో మాస్టారి దగ్గర నుంచి పోస్టుకార్డు వచ్చేది. తేదీ, కలుసుకోవలసిన చోటు, తెచ్చుకోవలసిన వస్తువులు, అంతే. మిగిలిన ఖాళీలో ఒక పురుగు బొమ్మ గీసేవారు. అది ఏ పురుగో సరిగ్గా చెప్పినవాళ్లకు ఆ రోజు సీసాల సంచి మోసే పని తప్పేది. ఆ సంచి ఎంత బరువో మోసినవాళ్లకే తెలుసు. అందుకని కార్డు అందిన రోజు నుంచే మేము గ్రంథాలయాల్లో పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టేవాళ్లం. జీవశాస్త్రం మాకు ఒంటబట్టింది అలాగే, కూలి తప్పించుకోవడానికి.

నేను వెళ్లిన మొదటి రోజు మాస్టారు ఒక బండమీద కూర్చుని అమెరికా చట్టం గురించి చెప్పారు. నదులకు కూడా చట్టం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఎక్కడ చూసినా ఆనకట్టలు కట్టుకుంటూ పోయిన ఆ దేశం, కొన్ని నదుల్నయినా పారేవి పారినట్టు వదిలేద్దామని 1968లో ఒక చట్టం చేసుకుంది. మొదట ఎనిమిది నదుల్ని అందులో చేర్చారు. ‘అడవి నది’ అనే హోదా దక్కాలంటే దానిమీద ఆనకట్ట ఉండకూడదు, కాలిబాట తప్ప దాదాపుగా మరో దారి ఉండకూడదు, ఒడ్లు పాడు కాకుండా ఉండాలి, నీళ్లు శుభ్రంగా ఉండాలి. మాస్టారు వేళ్లు మడుస్తూ ఈ నాలుగూ చెప్పడం పూర్తి చేయగానే అక్క తలెత్తి, “మనకు మూడున్నర ఉన్నాయి మాస్టారూ. ఆ అర ఎక్కడ పోతోందో చూడాలి” అంది.

ఆ అర వెతకడానికి మాకు చాలా కాలమే పట్టింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

* * *

తెల్లవారకముందే నీళ్ల దగ్గరికి చేరాలి. ఇది మాస్టారి చాదస్తం అనుకునేవాణ్ణి. కారణం ఉంది. పగలంతా నీటి మొక్కలు, నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి అవి కూడా మనలాగే పీల్చుకుంటాయి. కాబట్టి నీటిలో కరిగిన ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది సూర్యుడు పొడవబోయే ముందు. నదికి ఊపిరాడుతోందో లేదో తెలియాలంటే ఆ ఘడియలోనే చూడాలి. మధ్యాహ్నం వచ్చి కొలిచేవాళ్లకు ఏ నదైనా ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

ఇప్పుడు దానికి చిన్న మీటరు ఉంది. తీగ చివర ఉన్న కడ్డీని నీళ్లలో ముంచితే అంకె కనిపిస్తుంది. మేము సీసాలతో చేసేవాళ్లం. ఆ పద్ధతిని వింక్లర్ అనే ఆయన 1888లో కనిపెట్టాడు. గాజు సీసాను నీళ్లలో వంచి, ఒక్క బుడగ కూడా లోపల మిగలకుండా నింపి, మూత బిగించాలి. బుడగ మిగిలితే పారబోసి మళ్లీ నింపాలి. చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. తర్వాత రెండు మందులు పిపెట్‌తో వేస్తే సీసాలో గోధుమరంగు మడ్డి మబ్బులా లేచి, మెల్లగా అడుక్కి దిగేది. మడ్డి ఎంత ముదురు రంగులో ఉంటే అంత ఆక్సిజన్. తెల్లగా ఉంటే ఆ నీళ్లలో బతుకు లేనట్టే. ఆపైన ఆమ్లం వేస్తే మడ్డి కరిగి నీళ్లు బంగారు రంగుకు తిరిగేవి. చివర స్టార్చ్ వేయగానే ముదురు నీలం. ఆ నీలం పోయేదాకా ఇంకో ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తూ చుక్కలు లెక్కపెట్టాలి.

ఆ లెక్క పైకి అనేవాళ్లం. చీకట్లో, నీళ్ల హోరులో, టార్చిలైటు వెలుగు సీసామీద పడుతుండగా, ఎవరో ఒకరు “పదహారు... పదిహేడు...” అంటుంటే మిగిలినవాళ్లు మాట్లాడకూడదు. నీలం ఉన్నట్టుండి పోతుంది. ఒక చుక్క ముందు ఉంది, ఇప్పుడు లేదు. ఆ చుక్క పడిన క్షణంలో అక్క అప్పటికే పెన్సిలు ఎత్తి పట్టుకుని ఉండేది. పెన్ను వాడనిచ్చేది కాదు. సిరా తడికి అలుక్కుపోతుంది, పెన్సిలు రాత నదిలో పడి తేలినా చెరగదు.

చల్లటి నీళ్లు ఆక్సిజన్‌ను ఎక్కువగా పట్టుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల దాకా, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. ఒడ్డున చెట్లు నరికేస్తే నీడ పోయి నీళ్లు వేడెక్కుతాయి, వేడెక్కిన నీళ్లలో ఊపిరి తగ్గుతుంది. చెట్టుకూ చేపకూ ఉన్న సంబంధం మాకు ఉపన్యాసంలో అర్థం కాలేదు. నీడపట్టున తీసిన సీసాకు ఇరవై చుక్కలూ, నరికిన ఒడ్డు పక్కన తీసిన సీసాకు పదిహేడూ పడిన రోజు అర్థమైంది.

* * *

వెలుగు వచ్చాక పురుగుల పని. ఇది నాకు చాలా ఇష్టం.

లోతు తక్కువగా ఉండి రాళ్ల మీదుగా నీళ్లు పరుగెత్తే చోట, వల మూతిని ఎగువకు తిప్పి పట్టుకుని ఒకరు నిలబడాలి. ఇంకొకరు దానికి ఎదురుగా, ఎగువన నిలబడి, బూటుకాలితో రాళ్లను కెలకాలి. సరిగ్గా మూడు నిమిషాలు. రాళ్ల అడుగున దాక్కున్నవన్నీ కొట్టుకొచ్చి వలలో పడతాయి. ఆ వలను తెల్లటి ట్రేలో కడిగితే మొదట బురద, ఆకుల తుక్కు తప్ప ఏమీ కనిపించదు. కదలకుండా చూడాలి. కాసేపటికి తుక్కు దానంతట అది నడవడం మొదలుపెడుతుంది.

మూడు తోకలుంటే ఎక్కువగా మేఫ్లై పిల్ల. రెండు తోకలుండి చదునుగా ఉంటే స్టోన్‌ఫ్లై పిల్ల. ఇసుకరేణువుల్నీ పుల్లముక్కల్నీ తన నోటి పట్టుదారంతో అతికించుకుని గొట్టం కట్టుకుని, అందులోంచి తల మాత్రం బయటపెట్టేది కాడిస్‌ఫ్లై. మా నదిలో అభ్రకం పలుకులు ఉండేవి. వాటితో గొట్టం కట్టుకున్న పురుగు ఒకటి ట్రేలో తళతళలాడుతూ పాకితే, తాత వంగి చూసి, “ఎన్నేళ్లు ఈ నీళ్లలో తిరిగాను, దీన్ని ఇప్పుడు చూస్తున్నాను” అన్నాడు. చూసినన్నిసార్లూ చెత్త అనుకున్నాడట.

ఈ పురుగులకు మార్కులు వేసే పద్ధతి బ్రిటన్‌లో 1970ల చివర్లో తయారైంది. మురికిని ఏమాత్రం ఓర్చుకోలేని కుటుంబాలకు 10, దేన్నైనా ఓర్చుకునే వానపాముల జాతివాటికి 1. తర్వాత చాలాచోట్ల దాన్ని తమ పురుగులకు తగ్గట్టు సవరించుకుని వాడుకున్నారు. స్టోన్‌ఫ్లైలలో చాలావాటికి పదికి పది. ట్రేలో ఒక్కటి కనబడినా మాస్టారి ముఖం వెలిగిపోయేది. సీసాలో పట్టిన నీళ్లు ఆ నిమిషం సంగతి మాత్రమే చెబుతాయి. పురుగు నెలల తరబడి, కొన్ని జాతులైతే రెండు మూడేళ్లు, ఆ రాయి కిందే బతికి ఉంటుంది. ఎవరైనా అర్ధరాత్రి ఏదైనా వదిలి, పొద్దుటికి నీళ్లు తేటపడినా, పురుగును మోసం చేయలేరు.

మా ‘అర’ దొరికింది కూడా పురుగుల వల్లే. ఒక చిన్న వాగు వచ్చి కలిసే చోటుకు దిగువన మార్కులు ఎప్పుడూ తక్కువగా ఉండేవి. ఒకసారి ట్రేలో ఎర్రటి దారపు ముక్కల్లాంటివి మెలికలు తిరుగుతూ కనిపించాయి. ఒక రకం ఈగల పిల్లలు. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే వాటి ఒంట్లో ఉంటుంది, అందుకే ఆ ఎరుపు. ఆక్సిజన్ దాదాపు లేని చోట కూడా బతకగలవు. మిగతా పురుగులేవీ లేకుండా అవి ఒక్కటే ఉన్నాయంటే అర్థం చేసుకోవాలి. వాగు వెంబడి ఎగువకు నడిచాం. తుప్పల వెనక ఒక గొట్టం, దాని కింద బూడిదరంగు బంక. ఎవరి గొట్టమో ఇక్కడ అనవసరం. అక్క కేకలు వేయలేదు. ప్రతి నెలా ఒక ఉత్తరం రాసింది, పైన అంకెలు, కింద అంకెలు, మధ్యలో ఒక గీత. “అయ్యా” అని మొదలుపెట్టి “దయచేసి చూడగలరు” అని ముగించేది. రెండు వానాకాలాలు గడిచాక ఆ గొట్టం ముందు మడ్డి దిగేందుకు ఒక తొట్టి కట్టారు. ఉత్తరాలకు జవాబు మాత్రం ఒక్కటీ రాలేదు.

* * *

అన్నిటికంటే కష్టమైన పని ఊరికే కూర్చోవడం.

కొలతలన్నీ అయ్యాక అరగంట ఎవరి బండమీద వాళ్లు, ఒకరికొకరు దూరంగా, మాట లేకుండా కూర్చోవాలని మాస్టారి నియమం. చదవకూడదు, కునుకు తీయకూడదు. లేచాక, ఏం విన్నారో ఏం చూశారో అక్క దగ్గర రాయించాలి. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది పనిలా అనిపించేది కాదు. “అరగంట వృథా, ఈలోపు ఇంకో చోట నీళ్లు పరీక్షించొచ్చు కదండీ” అని ఒక కుర్రాడు అడిగాడు. మాస్టారు “కూర్చుని చూడు నాయనా” అని ఊరుకున్నారు. ఆ కుర్రాడే ఆ రోజు లకుముకి పిట్ట ఒడ్డు గట్టులోని బొరియలోకి చేపతో దూరడం చూశాడు. ఆ గట్టును తవ్వడానికి ట్రాక్టర్లు వచ్చినప్పుడు అందరికంటే ముందు అడ్డంగా నిలబడిందీ అతనే.

నది చప్పుడు నీళ్లది కాదని నాకు తెలిసింది ఆ అరగంటల్లోనే. నీళ్లు రాళ్లకు తగిలి గాలిని లోపలికి లాక్కుంటాయి, ఆ గాలిబుడగలు కంపించడమే మనం వినే గలగల. చిన్న బుడగలు సన్నగా, పెద్దవి బొంగురుగా పలుకుతాయి. మాస్టారు ఈ విషయం చెప్పాక నేను కళ్లు మూసుకుని ఏ రాయి దగ్గర ఏ స్వరమో పోల్చుకునేవాణ్ణి. వరద ముందు ఆ గొంతు మారేది. వరద వచ్చాక అడుగున రాళ్లు దొర్లుతూ ఒకదానికొకటి తగిలే చప్పుడు అరికాళ్లకు తెలిసేది. తాత దాన్ని తెడ్డుతో వినేవాడు. తెడ్డు కొస నీళ్లలో దించి, పిడి చెవికి ఆనించుకుని, “ఇసుక నడుస్తోంది” అనో, “రాయి కదిలింది, ఇవాళ దిగొద్దు” అనో చెప్పేవాడు. మేమూ చెవి పెట్టి చూశాం. బుసబుసమని ఏదో వినిపించేది కానీ, దిగొచ్చో కూడదో మాకు తెలిసేది కాదు. ఆ విద్య తాతతోనే పోయింది.

నీటికుక్కల్ని కూడా కూర్చున్నవాళ్లే చూశారు. నాకు ఒక్కసారే పూర్తిగా కనిపించాయి. తల్లి, వెనక మూడు పిల్లలు. తల్లి చేపను పట్టి బండమీదికి ఎక్కింది. ఎముకలు నమిలే చప్పుడు నా దాకా వినిపించింది. మిగిలిన రోజుల్లో వాటి జాడలే దొరికేవి: తడి ఇసుకలో వేళ్ల మధ్య చర్మంతో సహా పడిన అడుగులు, ఎత్తైన బండలమీద చేప పొలుసులతో నిండిన మలం. అవి ఊరికే ఎక్కడపడితే అక్కడ విసర్జించవు. నలుగురికీ కనబడే బండమీద, వాగులు కలిసేచోట, తమ హద్దు ఇదని చెప్పడానికి వదులుతాయి. అక్క దాన్ని పుస్తకం అంచున ఒక చిన్న గుర్తుతో నమోదు చేసేది.

* * *

ఏడాదికోసారి శుభ్రం చేసే రోజు. ఆ రోజు మాత్రం వందలమంది వచ్చేవారు. టోపీలు, చేతి తొడుగులు, ఉపన్యాసాలు. అక్కకు ఆ రోజంటే గిట్టేది కాదు, నాకూ అంతే. గుంపు వెళ్లాక ఇసుకలో మిగిలేవి వాళ్లు తాగి పారేసిన కప్పులే.

మాస్టారు ఒప్పుకునేవారు కాదు. చాడ్ ప్రెగ్రాకీ అనే కుర్రవాడు మిసిసిపీ నదిలో చిన్న పడవ వేసుకుని, ఒక్కడే టైర్లూ పీపాలూ ఏరడం మొదలుపెట్టి, 1998కల్లా అందుకో సంస్థ పెట్టి, వేలమందిని నదిలోకి దింపాడని ఎక్కడో చదివి మాకు చెప్పారు. “చెత్త ఏరడానికి వచ్చినవాడు కనీసం నది ఎటు పారుతోందో చూసి వెళ్తాడు కదమ్మా” అని ఆయన వాదన. “చూసినవాళ్లలో ఎంతమంది మళ్లీ వచ్చారు మాస్టారూ? హాజరుపట్టీ తీయమంటారా?” అని అక్క. ఇద్దరిదీ నిజమే అనిపిస్తుంది ఇప్పుడు. అప్పుడు మాత్రం నేను అక్క పక్షం.

ఒక ఏడాది ఉత్సాహం ఎక్కువై, వచ్చినవాళ్లు నదికి అడ్డంగా పడి ఉన్న పెద్ద చెట్టు మొద్దును తాళ్లు కట్టి లాగడం మొదలుపెట్టారు. నది “నీట్‌గా” ఉండాలట. మాస్టారు పరుగెత్తుకుంటూ నీళ్లలో దిగి ఆ మొద్దుమీద కూర్చున్నారు. పడిపోయిన చెట్టు వెనకే నీళ్లు సుడి తిరిగి మడుగు తవ్వుతాయి. వేసవిలో చేపలకు మిగిలేది ఆ మడుగే. ఇసుకను పట్టి ఆపేదీ, పురుగులకు తిండి పెట్టేదీ ఆ మొద్దే. దాన్ని తీసేయడమంటే ఇల్లు ఊడ్చి గోడలు కూడా పారేసినట్టు. ఇదంతా ఆయన మొద్దుమీద కూర్చునే, మోకాళ్ల దాకా తడిసి, గంటసేపు చెప్పారు. ఎవరో ఫోటో తీశారు. ఆ ఒక్క ఫోటో మాత్రం అక్క దాచుకుంది.

వలలు తీయడం వేరే సంగతి. తెగి కొట్టుకొచ్చిన నైలాను వలలు నీటి అడుగున చిక్కుకుని ఏళ్ల తరబడి చేపల్ని పడుతూనే ఉంటాయి, తినేవాళ్లు లేకపోయినా. అవి కోసేటప్పుడు తాత మాట్లాడేవాడు కాదు. ఒకప్పుడు తన వల కూడా అలాగే పోయిందని ఒక్కసారి అన్నాడు, అంతే.

* * *

ఎగువన అడ్డుకట్ట కడతారన్న మాట మొదట తాత చెవిన పడింది. ఎవరో వచ్చి గట్టున ఎర్రరంగు గుర్తులు వేసి వెళ్లారు.

ఆ వేసవిలో రాత్రులు నది ఒడ్డునే గడిపేవాళ్లం. మాస్టారు మాకు ధైర్యం చెప్పడానికి ఇతర నదుల కథలు తీసేవారు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో ఫ్రాంక్లిన్ నది కథ అన్నిటికంటే ఎక్కువసార్లు విన్నాం. 1976లో బాబ్ బ్రౌన్ అనే డాక్టరు ఒక స్నేహితుడితో కలిసి రబ్బరు తెప్పమీద ఆ నది దిగాడు. అక్కడ ఆనకట్ట కట్టబోతున్నారని తెలిసి తిరిగి వచ్చి మనుషుల్ని కూడగట్టాడు. 1982 డిసెంబరులో పడవలతో యంత్రాలకు అడ్డం వెళ్లారు. వెయ్యిమందికి పైగా అరెస్టయ్యారు. పీటర్ డోంబ్రోవ్‌స్కిస్ తీసిన ఆ నది మలుపు ఫోటోను ఎన్నికల ముందు పత్రికల్లో పేజీ నిండా అచ్చువేయించారు. చివరికి 1983 జులై 1న ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే అన్నిటికంటే పెద్ద కోర్టు) తీర్పుతో ఆనకట్ట ఆగింది. నలుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపు.

“ఒక్క ఓటా!” అంది అక్క. “ఆ ఒక్కాయనకు ఆ రోజు జ్వరం వచ్చి ఉంటే?”

కేరళలో సైలెంట్ వ్యాలీ సంగతి కూడా చెప్పేవారు. కుంతిపుళ నదిమీద జలవిద్యుత్ ప్రాజెక్టు తలపెడితే, కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తులోని ఉపాధ్యాయులూ, సైన్సు మనుషులూ లెక్కలు వేసి, ఊరూరా తిరిగి చెప్పారు. 1984లో ఆ అడవి జాతీయ ఉద్యానవనమైంది. మాస్టారికి ఆ కథమీద ప్రత్యేకమైన అభిమానం, ఉపాధ్యాయులు గెలిచారని.

మా కథ అంత గొప్పది కాదు. ఒక సభ పెట్టారు. ఫ్యాన్లు తిరిగే హాలు, వేదికమీద దళసరి నివేదిక. దానిలో ఈ భాగంలో చెప్పుకోదగ్గ జీవజాలం లేదని ఒక వాక్యం. నివేదిక రాసినవాళ్లు ఒక్కసారి వచ్చి వెళ్లారు, అదీ ఎండాకాలం మధ్యాహ్నం. అక్క లేచింది. సంచిలోంచి పుస్తకాలు తీసి బల్లమీద పేర్చి, మొదటి పుస్తకం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. నీటి వేడి, ఆక్సిజన్, పురుగులు, పిట్టలు. ఒక ఆదివారం అయ్యాక ఇంకో ఆదివారం. జనం కదిలారు, దగ్గారు, కొందరు బయటికి వెళ్లి వచ్చారు. అధ్యక్షుడు ఓపిక పట్టి పట్టి, “అమ్మా, సారాంశం చెప్పండి” అన్నాడు. “సారాంశం సరిపోతే ఇన్ని పుస్తకాలు ఎందుకు రాస్తామండీ?” అని పేజీ తిప్పింది. నేను ఆవిడ వెనక వరసలో కూర్చున్నాను. మెడమీద చెమట కనిపిస్తోంది, గొంతు మాత్రం వణకలేదు.

ఆ అడ్డుకట్ట కట్టలేదు. మా పుస్తకాల వల్లే ఆగిందని చెప్పుకోవడం మాకందరికీ ఇష్టం. డబ్బు మంజూరు కాకపోవడం వల్ల ఆగిందని ఇంకో మాట. పునాదికి తగిన రాయి దొరకలేదని మూడో మాట. అక్కను అడిగితే, “ఆగింది కదా. వచ్చే ఆదివారం సీసాలు ఎవరు తెస్తున్నారు?” అనేది.

తర్వాత చాలా ఏళ్లకు అమెరికాలో ఎల్వా నదిమీద రెండు ఆనకట్టల్ని పడగొట్టారని చదివాను. 2011లో మొదలుపెట్టి 2014లో ముగించారు. రెండోది 64 మీటర్ల ఎత్తు. సాల్మన్ చేపలు తమ పూర్వీకులు దాదాపు వందేళ్లుగా చూడని ఎగువ నీళ్లలోకి మళ్లీ ఈదుకుంటూ వెళ్లాయట. మాస్టారు అప్పటికి లేరు. ఆ కాగితం కత్తిరించి అక్కకు పంపాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది: “ఆ నీళ్ల ఆక్సిజన్ ఎంతో రాయలేదేమిటి?”

* * *

ఉద్యోగం మారి నేను దూరం వెళ్లిపోయాను. మొదట ప్రతి నెలా, తర్వాత పండగకోసారి, ఆపైన ఉత్తరాలే. మిగిలినవాళ్లూ అంతే. తాత పోయాడు, పడవ కొన్నాళ్లు ఒడ్డున బోర్లా పడి ఉండి ఒక వరదకు వెళ్లిపోయింది. ఆ వరదలోనే నది తన దారి కూడా మార్చుకుందని విన్నాను. మేము కొలిచిన చోట ఇప్పుడు గులకరాళ్ల దిబ్బ ఉంది, తీతువు పిట్టలు అక్కడ గుడ్లు పెడుతున్నాయట. ఎవరో గట్టు కట్టి పాత దారికి మళ్లిద్దామంటే అక్క గట్టిగా వద్దందట. దారి మార్చుకోలేని నదికి మనం కాపలా ఎందుకు అని అడిగిందట.

మధ్యలో కొన్నేళ్లు ఆవిడ ఒక్కతే వెళ్లేదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ పేజీల్లో పురుగుల గడులు ఖాళీగా ఉన్నాయి. వల పట్టుకోవడానికి రెండో మనిషి లేడు కదా. ఆక్సిజన్, వేడి, నీటి ఎత్తు మాత్రం ఉన్నాయి. ఆ తర్వాత చేతిరాతలు మళ్లీ పెరిగాయి. కొత్త పిల్లలు చేరారు.

వాళ్లలో ఒక అమ్మాయి ఆ పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. అక్క పోయిన రెండు వారాలకు నాకు ఫోను చేసింది. పాత పేజీల అంచుల్లో తోక ఉన్న చిన్న సున్నా ఒకటి పదేపదే ఉందట, అదేమిటో ఎవరికీ తెలియడం లేదట. ఫోటో పంపింది. చూడగానే గుర్తుపట్టాను.

“నీటికుక్క మలం అమ్మా అది.”

“ఇన్నా? ఆ వంపు దగ్గర ఇప్పుడు ఒక్కటీ కనిపించడం లేదు అంకుల్. కింద, కొత్త దిబ్బకు ఎదురుగా ఉన్న బండమీద మాత్రం ఏదో ఉంటోంది. అదేనో కాదో తెలియక రాయడం లేదు.”

“పొలుసులు ఉన్నాయా?”

“ఉన్నట్టున్నాయి.”

“వాసన చూశావా?”

అవతల కాసేపు మాట లేదు. “చూడాలా అంకుల్?”

“చూడాలి. చేపల నీచుతో పాటు కొంచెం తియ్యటి వాసన కలిసి ఉంటే దానిదే.”

“సరే, ఆదివారం చూస్తాను. కానీ మా పట్టికలో వాసనకు గడి లేదు” అంది.

మా పుస్తకంలోనూ మొదట ఉండేది కాదు, అక్క మధ్యలో స్కేలు పెట్టి గీసింది, నువ్వూ ఒకటి గీసుకో అని చెప్పాను.